ఎడమకి, ఇంకొంచెం ఎడమకి

మా అక్క ఊనాకి ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఒళ్ళు మండిపోయేది. "నాకు పోయినవి కళ్ళు, కాళ్ళు కాదు" అనేది. అందుకని ఆమె కొడుకు గార్నెట్ ఊహ తెలిసినప్పటినుంచీ ఆమె వెనకాల నడుస్తూ నోటితోనే దారి చెప్పేవాడు.

"ఎడమకి అమ్మా. ఇంకొంచెం ఎడమకి. అలాగే, అలాగే పో. ముందు గుంట ఉంది. ఇప్పుడు అడుగు పెద్దది వెయ్యి."

గాటింజెన్ వీధిలో జనం ఆగి చూసేవాళ్ళు. ముందు తలెత్తుకుని రాణీగారిలా మా అక్క, వెనక ముక్కు కారుతూ, ఓడని రేవులోకి తెచ్చేవాడిలా ఆ బుడతడు. వాడి నాన్న లూయీ చేపలవేటకి పోయి సముద్రంలోనే ఉండిపోయాడు. ఇంట్లో మిగిలిన మగాణ్ణి నేను. నేనూ చెప్పగలను దారి, కానీ నేను చెబితే ఆమె ఏదో ఒక స్తంభానికి కొట్టుకునేది. "నువ్వు నీ కాళ్ళకి చెప్తావురా ఎబెన్, వాడు నా కాళ్ళకి చెప్తాడు" అని తీసిపారేసేది.

మా హాలిఫాక్స్‌లో ఉత్తరపు పేటవాళ్ళం ఏ సంగతైనా పంతొమ్మిది వందల పదిహేడుకి ముందు, పదిహేడు తర్వాత అనే చెప్పుకుంటాం. ఆ ఏడు డిసెంబరులో ఒక పొద్దున రేవు ఇరుకులో రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఒకదాన్నిండా యుద్ధానికని ఫ్రాన్సుకి పోయే మందుగుండు. ఆ సంగతి తెలియాల్సినవాళ్ళకి తెలుసు, ఒడ్డున కాపురాలుండేవాళ్ళకి తెలీదు. ఓడ తగలబడుతూ వచ్చి మా పేట ఒడ్డుకే ఆనుకుంది. దాని మీది పీపాలు తారాజువ్వల్లా లేచి పైన పగులుతున్నాయి, ఎర్రగా, పచ్చగా. అప్పటికి పద్దెనిమిదేళ్ళ మా అక్క పొయ్యిమీద జావ వదిలేసి కిటికీ అద్దానికి మొహం ఆనించింది. "రండర్రా, ఎంత బావుందో చూడండి!" అని కేకేసింది. అమ్మ వచ్చింది. చిన్నతమ్ముడు వచ్చాడు. నాకు ఒక బూటు దొరక్క మంచం కింద దూరాను. అప్పుడే ఓడ పేలింది, పేటలో కిటికీ అద్దాలన్నీ ముక్కలై లోపలికి దూసుకొచ్చాయి. అందుకే నాకు రెండు కళ్ళూ ఉన్నాయి.

అమ్మనీ తమ్ముణ్ణీ ఫెయిర్‌వ్యూ శ్మశానంలో పెట్టారు. అక్కకి రెండు కళ్ళూ తీసేశారు. ఆమె చెంపల మీద మసి చర్మంలోకి దిగి నీలంగా ఉండిపోయింది. లూయీతో పెళ్ళి ఆ తర్వాత సంగతి. మా పేటలో అలాంటి మొహాలు చాలా ఉన్నాయి, ఎవరూ ఎవర్నీ ఏమయిందని అడగరు. చదువు ఎందుకు మానేశావని మాత్రం నన్ను చాలామంది అడిగారు. నేను మానలేదు. బడి కూలింది. దాన్ని మళ్ళీ కట్టేసరికి నేను రేవులో బొగ్గు మోస్తున్నాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బయటినుంచి ఎవరొచ్చినా కోటు విప్పకముందే ఏం చూశారో అక్కకి చెప్పాలి. నన్నడిగితే "ఓడ వచ్చింది" అనేవాణ్ణి. ఓడంటే ఓడే కదా, ఇంకేం చెప్పను. గార్నెట్ అలా కాదు.

"డార్ట్‌మత్ పడవ అవతలి ఒడ్డునుంచి వచ్చిందమ్మా. పొగ మనవైపే వంగింది."

"ఏం రంగు?"

"నలుపు."

"నలుపంటే? తారు నలుపా, కాకి నలుపా?"

"కాకి నలుపే, అంచున కొంచెం గోధుమరంగు. పడవలో ఒకావిడ టోపీకి ఈక పెట్టుకుంది, గాలికి అది పడుకుంటోంది, లేస్తోంది. పక్కనాయన దాన్ని చూసి నవ్వు ఆపుకుంటున్నాడు."

అక్క కూడా నవ్వేది. అబద్ధం చెబితే పట్టేసేది. బద్ధకించి ఒకటి వదిలేసినా పట్టేసేది. అలా పదిహేనేళ్ళు సానబెట్టింది వాణ్ణి. ఈ ఊళ్ళో ఏ దొరబిడ్డకీ అంత చదువు దొరికి ఉండదు. ఆ చదువు చివరికి దేనికి పనికొచ్చిందో తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

మళ్ళీ యుద్ధం వచ్చినప్పుడు గార్నెట్ వైమానికదళంలో చేరాడు. పరీక్షలో ఒక ఫోటో ఒక్క క్షణం చూపించి లాగేసుకుని, ఏం చూశావని అడిగారట. వీడు చర్చి గోపురం నీడతో సహా చెప్పాడు. పరీక్ష పెట్టిన దొర కుర్చీలోంచి లేచి, "ఈ కళ్ళు ఎక్కడ సంపాదించావయ్యా?" అన్నాడట. వాణ్ణి బాంబులు గురిచూసి వదిలే పనిలో వేశారు. వెళ్ళబోయే ముందు సెలవుకి వచ్చినప్పుడు నాకు చెప్పాడు.

"విమానం ముక్కులో అద్దం ఉంటుంది మావయ్యా. దాని మీద బోర్లా పడుకోవాలి. పైలట్‌కి కిందేమీ కనపడదు. నేను చెప్పినట్టు నడుపుతాడు. అమ్మకి మాత్రం చెప్పకు. మ్యాపులు చూసే పని అన్నాను."

"అదీ నిజమేగా" అన్నాను.

"అదీ నిజమే" అన్నాడు.

వాడు ఎక్కిన విమానం పేరూ హాలిఫాక్సే. మా పేటంతా పొంగిపోయింది. విమానాలకని అల్యూమినియం పోగుచేస్తుంటే పక్కింటి డోర్కస్ తన గిన్నెలన్నీ ఇచ్చేసి ఆ ఏడంతా ఇనప మూకుట్లోనే టీ కాచుకుంది.

నలభైఐదు జూన్‌లో వాడు తిరిగొచ్చాడు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. భోంచేసేవాడు, పొయ్యికి బొగ్గు తెచ్చేవాడు, మర్యాదగా మాట్లాడేవాడు. ఏం చూశావో మాత్రం చెప్పేవాడు కాదు.

"ఎక్కడికెళ్ళావురా?"

"రేవు దాకా అమ్మా."

"ఏముంది?"

"ఏముంటుంది, మామూలే."

మొదట్లో ఆమె అలసట అనుకుంది. వారాలు గడిచాక నన్ను వంటింట్లోకి పిలిచి, "వీడు గొంతు వచ్చిన ఓడలోనే మర్చిపోయాడేమోరా" అంది. నవ్వుదామనే అన్నట్టుంది గానీ నవ్వలేదు. వాడు లేనన్నాళ్ళూ ఆమె నా మాటలతో సరిపెట్టుకుంది. ఓడ వచ్చింది, ఓడ పోయింది. వాడు వస్తే మళ్ళీ లోకం కనపడుతుందని ఆశపెట్టుకుని కూర్చుంది. ఆమెకి పింఛను వద్దు, కోడలు కూడా తొందరగా వద్దు. వాడు ఆ గొంతుతో మళ్ళీ చెప్పాలి, అంతే.

జూలైలో ఒక సాయంత్రం, ఎండ ఇంకా ఉంది, మేం పాలలో ఉడికించిన కొత్త కూరగాయలు తింటున్నాం. బెడ్‌ఫర్డ్ బేసిన్ వైపునుంచి, రేవు ఉత్తరపు కొసనుంచి, ఒక్క పేలుడు దెబ్బ. బల్ల మీద గిన్నెలు కదిలాయి. అక్క చెంచా కింద పెట్టి, మెల్లగా, "కిటికీలు తెరవండి" అంది.

నేను తెరిచాను. ఆ సమయానికి పేటలో అన్ని ఇళ్ళలోనూ తెరుస్తున్నారు. మా ఊరివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, కిటికీ తెరిచిపెట్టి దానికి వీపు తిప్పి కూర్చుంటాం. తర్వాత లౌడ్‌స్పీకర్ల బండ్లు వచ్చి అదే చెప్పాయి. ఇళ్ళు ఖాళీ చేసి దక్షిణానికి పొమ్మన్నాయి. యుద్ధం అయిపోయిందని ఓడల్లోంచి దించిన మందుగుండు అక్కడ కొట్లలో పట్టక బయట గుట్టలు పోశారని తర్వాత జనం అనుకున్నారు. నిజం నాకు తెలీదు. ఆ పెట్టెల్లో కొన్ని యుద్ధమప్పుడు రేవులో నా వీపు మీద ఓడెక్కినవే అయ్యుండాలి, అది మాత్రం తెలుసు. ఒక్క జన్మలో ఒక ఊరిని రెండుసార్లు అదే మందుగుండు పక్కన పడుకోబెట్టారు. అలా పడుకోబెట్టినవాళ్ళెవరూ మా పేటలో ఉండరు.

గుమ్మం దిగగానే అక్క ఆగింది. "ఏరా, దారి చెప్పవా?"

గార్నెట్ ఆమె వెనకే ఉన్నాడు. వాడి నోరు తెరుచుకోవడం చూశాను.

"మావయ్య చెయ్యి పట్టుకోమ్మా. జనం ఎక్కువగా ఉన్నారు."

ఆమె చెయ్యి గాల్లో చాచింది, నేను అందుకున్నాను. ఊరంతా చూస్తుండగా ఆమె అలా ఒకరి చెయ్యి పట్టుకుని నడవడం అదే మొదలు.

ఊరి మధ్య కోటగుట్ట మీద గడ్డి కనపడనంత జనం. దుప్పట్లు, ఉయ్యాల తొట్లు, పంజరంలో పిట్టలు. డోర్కస్ గోడగడియారం చంకన పెట్టుకుని మా పక్కనే చతికిలబడింది.

"గిన్నెలు లేకపోతే పోయె, ఇదైనా మిగలాలి. ఒరే గార్నెట్, ఎందుకురా అలా మొహం మాడ్చుకుని? మా విమానం ఎక్కి ఊరేగొచ్చావు, మాకో కబురు చెప్పవా?"

"అది మన ఊరి పేరు కాదు అత్తా. ఇంగ్లండులో ఇంకో హాలిఫాక్స్ ఉంది, దాని పేరు."

"ఏడిశావులే. నా గిన్నెలు పోసి చేసిన దానికి వాళ్ళ ఊరి పేరేమిటి? ఊనా, విన్నావా నీ కొడుకు మాట?"

"వింటున్నాను వదినా" అంది అక్క. "కనీసం ఊరి పేరు గురించైనా మాట్లాడాడు."

చుట్టూ నలుగురు నవ్వారు. గార్నెట్ కూడా కొంచెం నవ్వాడు. నేను రొట్టె మీద బెల్లప్పాకం రాసి అందరికీ పెట్టాను. అప్పుడే రెండో పెద్ద దెబ్బ. ఉత్తరాన ఆకాశం లేచి నిలబడ్డట్టయింది. జనమంతా ఒక్కసారి మొహాలు కప్పుకుని వెనక్కి తిరిగారు. తిరగనిది ఇద్దరే. చూడ్డానికి కళ్ళు లేవు గనక అక్క. చూడకుండా ఉండలేడు గనక గార్నెట్.

"ఏముందిరా?" అంది ఆమె.

వాడు ఉత్తరానికే చూస్తున్నాడు.

"గార్నెట్, నేనడిగేది నిన్నే. నా చూపు ఆ రోజు చూసినదాంతో ఆగిపోయింది. ఇది వేరేగా ఉందా, అదేనా? అది తెలిస్తే చాలు నాకు. చెప్పు నాయనా."

నేను వాడి భుజం మీద తట్టాను. "చెప్పరా. ఆమె ఎన్నాళ్ళనుంచి ఎదురుచూస్తోంది."

చెప్పడం మొదలుపెట్టాడు. మొదట గొంతు తుప్పుపట్టిన తలుపులా ఉంది, తర్వాత దారిన పడింది. "పొగ కింద సన్నగా, పైన గొడుగులా ఉందమ్మా. గొడుగు అడుగుభాగం నారింజరంగు, పైన బూడిదరంగు, మన పాత దుప్పటి రంగు. నీళ్ళ మీద ఆ వెలుగు ముక్కలు ముక్కలుగా ఉంది. చిన్నచిన్నవి పేలుతున్నాయి, తెల్లగా, ఆవగింజలు చిటపటలాడినట్టు..."

అక్క మొహం మారిపోయింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల మొహంలా అయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడొచ్చాడు, నా కొడుకు తిరిగొచ్చాడు అని ఆ పట్టులోనే ఉంది. డోర్కస్ కళ్ళొత్తుకుంటోంది.

వాడు ఆగలేదు. అక్కడ ఆగి ఉంటే ఎంత బావుండేది.

"ముందు పోయిన విమానాలవాళ్ళు రంగు దీపాలు వేస్తారమ్మా" అన్నాడు, అదే గొంతుతో, ఇంకా ఉత్తరానికే చూస్తూ. "మాకు గుర్తుకోసం. ఎర్రవి, పచ్చవి, గుత్తులు గుత్తులుగా మెల్లగా దిగుతాయి. చాలా బావుంటాయి. ఒక రేవు పట్నం, మనలాగే, గుట్ట, కింద ఇరుకు నీళ్ళు, వరసగా ఇళ్ళు. ఆ వెలుగులో కిటికీలు మెరుస్తాయి. నేను అద్దం మీద పడుకుని చెప్తుంటాను. ఎడమకి. ఇంకొంచెం ఎడమకి. అలాగే, అలాగే పో..."

అక్క చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది.

"ఎవరికి చెప్తావు?" అంది.

"పైలట్‌కి. వాడికి కనపడదు కదా."

"తర్వాత?"

"తర్వాత నొక్కుతాను."

"నువ్వా?"

"నేనే అమ్మా. నేను నొక్కకపోతే ఏదీ పడదు." అప్పుడు తల తిప్పి ఆమెని చూశాడు. "వాళ్ళూ కిటికీల దగ్గరికి వచ్చే ఉంటారు. ఆ రంగులు అలాంటివి. పిల్లల్ని పిలిచి చూపించే ఉంటారు."

డోర్కస్ గడియారాన్ని ఒళ్ళోకి లాక్కుంది.  అక్క రెండు చేతులూ తన మొహం మీద పెట్టుకుని, ఆ నీలం మచ్చల మీద వేళ్ళు ఆనించి, చాలాసేపు అలాగే కూర్చుంది. గార్నెట్ ఎదురుచూశాడు. తిడుతుందనుకున్నాడో, దగ్గరికి తీసుకుంటుందనుకున్నాడో. నేనైతే తిడితే బావుణ్ణనుకున్నాను. తిట్టుకి ఏదో ఒక జవాబుంటుంది.

ఆమె చివరికి, "చలి వేస్తోంది, దుప్పటి ఇవ్వు ఎబెన్" అంది.

మర్నాడు మంటలు తగ్గాక ఇళ్ళకి పొమ్మన్నారు. కిందికి దిగుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకునే ఉంది. ఇప్పుడు గార్నెట్ వెనకనుంచి చెప్తున్నాడు. ఒకసారి తెరుచుకున్న నోరు వాడికి మళ్ళీ మూతపడలేదు. "కుడికి అమ్మా, గాజుపెంకులున్నాయి. ఇంకొంచెం. అలాగే..."

ఆమె ఆగిపోయింది. కాళ్ళు బిగుసుకుపోయాయి. నేను లాగినా రాలేదు.

"నువ్వు చెప్పరా ఎబెన్" అంది.

"వాడు చెప్తున్నాడుగా."

"నువ్వు చెప్పు."

నేను చెప్పాను. మూలమీది స్తంభానికి మోచెయ్యి కొట్టుకుంది. అయినా నా మాటమీదే నడిచింది.

ఇంటి కిటికీలు ఒక్కటీ పగల్లేదు. తెరిచిపెట్టాం కదా. ఊరి పెద్దలు పత్రికల్లో ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకున్నారు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఒక కప్పు కిందే ఉన్నారు, పోట్లాడుకోలేదు. వాడు రొట్టెల కార్ఖానాలో పనికి కుదిరాడు. వేడి రొట్టె తెచ్చేవాడు, ఆమె వాడి చొక్కాలకి గుండీలు కుట్టేది. సాయంత్రం వాడు కోటు విప్పకముందే మొదలెట్టేవాడు. "అమ్మా, ఇవాళ రేవులో తెల్ల ఓడ ఒకటి..." ఆమె లేచి పొయ్యి దగ్గరికెళ్ళి, అవసరం లేకపోయినా బొగ్గు కదిపేది, ఆ చప్పుడులో వాడి మాట మునిగిపోయేదాకా. కొన్నాళ్ళకి వాడు మానేశాడు.

నేను ఊరుకోలేక ఒకసారి గట్టిగా అడిగాను. "వాడు నోరు విప్పాలని ఏడ్చింది నువ్వేనా? విప్పాక ఈ మొండిపంతమేమిటి? వాడిమీద కోపమా?"

"కోపమా?" అంది. "వాడు చేయమన్నది చేశాడు. నువ్వు పెట్టెలు మోశావు. డోర్కస్ గిన్నెలిచ్చింది. నేను వాడికి చూడ్డం నేర్పాను. ఎవరిమీద కోపం?"

"మరి?"

"వాడు గొంతెత్తితే ఇదివరకు నాకు వీధి కనపడేదిరా. ఇప్పుడు పైనుంచి కనపడుతోంది. కిటికీలు. ఒక్కో కిటికీలో ఒకతి నిలబడి లోపలివాళ్ళని పిలుస్తోంది, రండర్రా చూడండి అని. నేను దాని నోరు మూయలేను. వాడి నోరు మూయగలను."

"ఈ మాటే వాడికి చెప్పు."

"చెబితే వాడికీ కనపడుతుంది" అంది. ఇంక ఆ ఊసు ఎత్తనివ్వలేదు.

వాడికి అది ఎప్పుడో కనపడిందనీ, వాణ్ణి తొలుస్తున్నదీ అదేననీ, ఇద్దరూ ఒకే కిటికీ దగ్గర నిలబడి ఒకరినొకరు చూసుకోవడం లేదనీ చెప్పే తెలివి ఆ పూట నాకు లేకపోయింది. చెప్పినా వినేది కాదేమో.

నాలుగేళ్ళకి గార్నెట్‌కి పెళ్ళయింది. వెర్నా మంచి పిల్ల, లూనెన్‌బర్గ్ వైపు అమ్మాయి, పదిహేడు సంగతులు అంతగా తెలియవు. మొన్న వసంతంలో వాళ్ళకి కొడుకు పుట్టాడు. ఆసుపత్రినుంచి తెచ్చి తిన్నగా అక్క ఒళ్ళో పెట్టారు. ఆమె వాడి అరికాలు పట్టుకుని, బొటనవేలితో రాస్తూ కూర్చుంది.

"చూడండత్తయ్యా, అచ్చం..." అని వెర్నా నాలిక కరుచుకుంది.

గార్నెట్ కుర్చీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత వాడి మొహంలో ఆశ చూశాను. "అమ్మా, వీడి..."

"వద్దు నాయనా" అంది ఆమె. గట్టిగా కూడా అనలేదు. "చేతికి తెలుస్తుందిలే. బరువు బాగా ఉన్నాడు."

వాడు ఇంకాసేపు అలాగే ఉండి, లేచి, పొయ్యిలోకి పుల్లలు కొట్టాలని పెరట్లోకి పోయాడు. గొడ్డలి చప్పుడు వినపడలేదు. నేను వెళ్ళి చూస్తే కట్టెల దగ్గర ఊరికే నిలబడి ఉన్నాడు.

"జుట్టు రాగిరంగు మావయ్యా" అన్నాడు నన్ను చూసి. "రాగి అంటే కొత్తది కాదు, తోమి నాలుగు రోజులైన రాగి. ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే కాస్త పైకుంది, ఏదో అడగబోతున్నట్టు. చెవులు పల్చగా ఉన్నాయి, వెలుగుకి పెడితే ఎర్రగా కనపడతాయి. నిద్రలో పైపెదవి..."

నేను పిల్లాణ్ణి అప్పుడే లోపల చూసి వచ్చాను. ఆ మాట అనలేదు. కట్టెల మోపు మీద కూర్చుని, "పైపెదవి?" అన్నాను.